నీలం స్లైడు

మిరప యార్డు ఘాటు ఒంటికి అంటించుకుని వచ్చిన ముసలాయన ల్యాబు గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు.

"జక్రయ్యనమ్మా. ఆ మైనపు దిమ్మలోది ఒక్కసారి చూసి పోతాను."

డాక్టర్ శ్రీరమ్య తలెత్తింది. గుంటూరులోని ఆ ల్యాబులో ఆమె కొత్తగా చేరింది. పాత మనిషి, టెక్నీషియన్ మాలిక్, శుక్రవారం నమాజుకి వెళ్లాడు.

దిమ్మ ఆమె చేతిలోనే ఉంది. టీబీ అని ఎప్పుడో తేలిన ఊపిరితిత్తి ముక్కని మైనంలో పోతపోసి దాచారు; ఏళ్లుగా కోయగా ఇక కొన్ని పొరలకే మిగిలింది. ఏ రోగి ముక్కకి రంగు వేసినా, దీన్నుంచీ ఒక పలచని పొర కోసి అదే రంగు వేస్తారు. ఇందులో క్రిములు ఎర్రగా కనబడితేనే రంగు సరిగ్గా పట్టినట్టు.

"ఇదేమన్నా ఎగ్జిబిషనా? బయట కూర్చో పెద్దాయనా."

ఆయన బయట బల్ల మీద కూర్చుని తలుపు సందులోంచి చూస్తున్నాడు.

ఆ ల్యాబులో ఎర్ర క్రిముల వెనక నీలం రంగు వేసేవారు. శ్రీరమ్య చదువుకున్న చోట ఆకుపచ్చ. ఎరుపు దాని మీదే బాగా తేలుతుందని ఆమె నమ్మకం. ఎంత పలచగా కలపాలో తేలక, దిమ్మని కోస్తూ పోయింది. ఒక స్లైడు చిక్కనైంది. ఇంకోటి వెలిసిపోయింది. రెండూ చెత్తబుట్టలో పడ్డాయి.

"ఆకుపచ్చేంటమ్మా? ఎప్పుడూ నీలమేగా."

"రంగులు కూడా నువ్వే చెబుతావా?"

ఆయన బల్ల మీద వెనక్కి జరిగి కూర్చున్నాడు.

ఆఖరి పొర కుదిరింది. పచ్చటి చేలో పండు మిరపకాయల్లా క్రిములు. శ్రీరమ్య నవ్వుకుంది.

"అయిపోయిందామ్మా దిమ్మ?"

"అయిపోయింది. పాతదేగా, ఇంకెవరిదో దొరుకుతుంది."

"పనికొచ్చిందా?"

"ఆఁ."

"అంతే చాల్లే తల్లీ."

చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

కాసేపటికి మాలిక్ వచ్చాడు. గేటు దగ్గర జక్రయ్యని పిలిస్తే ఆగకుండా వెళ్లిపోయాడన్నాడు.

"ఎవరతను?" అంది శ్రీరమ్య.

మాలిక్ బల్ల మీది ఖాళీ మైనాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"యార్డులో బస్తాలు మోస్తాడు మేడమ్. మీకు ముందున్న పెద్ద డాక్టరుగారు ఏటా ఒక నీలం స్లైడు చేసి చూపించేవారు. గంటసేపు కళ్లు తీసేవాడు కాదు. ఇంట్లో ఫోటో కూడా లేదట. ఈ ముక్క తీసిన ఆపరేషన్ బల్ల మీదే పోయింది ఆ పిల్ల. ఇంకొకరి బిడ్డకి పనికొస్తే ఈ ముక్క ఉంచుకోండని తనే చెప్పాడు."

శ్రీరమ్య చెత్తబుట్ట వైపు చూసింది.

"పేరు జయకుమారి, మేడమ్. ఆయనకి ఒక్కతే కూతురు."