తెరవని కౌంటరు

"నడువు స్టేషనుకి!" ఎస్సై ఒక చేత్తో రూతమ్మ మోచెయ్యి పట్టుకుని, రెండో చేత్తో టికెట్ల పుస్తకం లాక్కున్నాడు. ఆత్మకూరు సినిమాహాలు ముందు జనం మూగారు.

"ఈ బ్లాకువాళ్లను ఊరికే వదలొద్దు సార్," అన్నాడు పక్కనే ఉన్న హాలు మేనేజరు కోదండం.

రూతమ్మ కదల్లేదు. "బ్లాకులో అమ్మినాను సారూ, తప్పే. కానీ ఆడోళ్ల కౌంటర్లో మనిషికి రెండుకు మించి ఇయ్యరు. నాకు నిండు పుస్తకం ఎట్టా వచ్చిందో అడగరేంది?"

"లైన్లో నిలబడి తెచ్చుకునుంటావు."

"ఏ లైను? కౌంటరు ఇంకా తెరిస్తే గదా!"

ఎస్సై మూసి ఉన్న కౌంటరు కిటికీ వైపు చూశాడు. మోచేతి మీద పట్టు సడలింది.

"నోర్ముయ్! రేపట్నించి ఈ గేటు తొక్కనివ్వను," కోదండం గద్దించాడు.

"తొక్కనులే, పోరా!" రూతమ్మ జనమందరికీ వినబడేలా అరిచింది. "అమ్మింది నేను. పుస్తకాలిచ్చి అమ్మించింది ఈ కోదండమే!"