మన ఖాతాలో పడ్డాకే

టక్, టక్, టక్. తర్వాత మెత్తగా దబ్, దబ్. మళ్లీ టక్, టక్, టక్. మళ్లీ దబ్, దబ్. వరస చివర చిన్న గంట ఖంగుమంది.

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న టైపు మాస్టారు తల ఒక పక్కకు వాల్చి విన్నారు. వినడమే ఆయనకు మిగిలింది. కుడికన్ను ఎప్పుడో ఆరిపోయింది. ఎడమకంట్లో ఉన్నది కాస్త వెలుతురు మరక, అంతే.

"మిషన్ బాగానే ఉంది" అన్నాడు కొనడానికి వచ్చిన మనిషి. గొంతు బాగా తగ్గించి, గొణిగినట్టు మాట్లాడుతున్నాడు. గుమ్మంలో అడుగుపెట్టి, మాస్టారిని చూసి, అతను ఒక్క క్షణం రాయిలా నిలబడిపోవడం కూతురు గమనించింది. చూపులేని వాళ్ల ముందు కొందరు అలాగే జంకుతారులెమ్మనుకుంది.

"బాగుండకేం. నాన్న రోజూ తుడుస్తారు. తుడిచి తుడిచి మీటల మీద అక్షరాలే అరిగిపోయాయి" అంది ఆమె. "నెట్లో పెట్టిన ధర మాత్రం తగ్గించమనకండి. ఆ ఎడమకన్నైనా నిలుపుకోవాలని, ఆపరేషన్ కోసం అమ్ముతున్నాం."

అతను మిషన్ వైపే చూస్తూ అన్నాడు. "బేరమాడను."

ఆ మాటకు కూతురి ప్రాణం లేచొచ్చింది. గోడవారన బల్లల మీద, ఇదివరకు అమ్మేసిన మిషన్ల కింద దుమ్ము పట్టని చోట్లు నలుచదరంగా మెరుస్తున్నాయి. ఇదే ఆఖరిది.

"ఇంకో వాక్యం కొట్టండి" అన్నారు మాస్టారు ఉన్నట్టుండి.

"చాల్లెండి. చూశానుగా."

"కొట్టండి. కొనేవాళ్లు సరిగ్గా చూసుకోవాలి."

అతను నిలబడే కొట్టాడు. మాస్టారి వేళ్లు కుర్చీ చేతి మీద ఆ చప్పుడు వెంటే నడిచాయి, ఆగిన చోట ఆగాయి, ఉరికిన చోట ఉరికాయి. గంట మోగేసరికి ఆయన ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. మరుక్షణం ఏం తోచిందో, మెల్లగా ఆరిపోయింది.

"మిషన్‌ని వింటున్నారా నాన్నా, మనిషినా?" కూతురు నవ్వి, అతని వైపు తిరిగింది. "ఈయనకు మనుషుల పేర్లు గుర్తుండవండి. చేతులే గుర్తు. క్లాసులో అందరికీ కొట్టే తీరును బట్టి మారుపేర్లే. మెల్లగా కొడితే నత్త, గట్టిగా కొడితే సమ్మెట. మారుపేరు పెట్టారంటే వాడిక కన్నబిడ్డ కింద లెక్క. నేను ఆ తర్వాతే. నేను పుట్టకముందు సంగతి కాబట్టి ఆ మొహాలు ఒక్కటీ చూడలేదు గానీ, ఆ పేర్లన్నీ కథల్లా విని పెరిగాను."

అతను నవ్వలేదు. "కింద ఆటో ఆగి ఉంది. తొందరగా కానిద్దాం."

ఫోన్ తీసి వేళ్లు ఆడించి, తెర ఆమె వైపు తిప్పాడు. ఆకుపచ్చ గుండ్రంలో తెల్లటి టిక్కు. "పంపేశాను."

అంతలోనే కూతురి ఫోన్ కూడా టింగుమంది. మీ ఖాతాలో సొమ్ము జమ అయినది. ఆమె సంతోషంగా మిషన్ మీద గుడ్డ తొడుగు కప్పబోయి, మళ్లీ ఒకసారి ఫోన్ చూసి ఆగిపోయింది. సందేశం బ్యాంకు పేరుతో రాలేదు. ఏదో మామూలు ఫోన్ నంబరు నుంచి వచ్చింది. బ్యాంకు యాప్ తెరిచింది. పాత నిల్వే ఉంది.

"డబ్బు పడలేదండి."

"సర్వర్ స్లోగా ఉంది. సాయంత్రానికి పడుతుంది. మెసేజ్ కూడా వచ్చిందిగా."

"మెసేజ్‌దేముంది, ఎవరైనా పంపొచ్చు. పొద్దుటి నుంచి నాన్న నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. అవతలివాళ్ల ఫోన్ చూసి నమ్మకు, మన ఖాతాలో పడ్డాకే వస్తువు గడప దాటాలి అని. కూర్చోండి, పడేదాకా ఉందురు గాని. మంచినీళ్లిస్తాను."

"అంటే నన్ను దొంగంటున్నారా?"

"కూర్చోమన్నానండి. అంతే."

అతను కూర్చోలేదు. వంగి, మిషన్‌ను రెండు చేతులా ఎత్తి గుండెకు ఆనించుకున్నాడు. కూతురు పరుగున వెళ్లి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"దించండి. లేదంటే పక్కింటివాళ్లను పిలుస్తాను."

అతను దించలేదు. చూపు మాత్రం దించుకున్నాడు. బరువుకు మిషన్ కాస్త ఒరిగి, లోపలి గంట ఒకసారి సన్నగా మూలిగింది.

"ఇచ్చెయ్యమ్మా" అన్నారు మాస్టారు.

ఆమె విన్నది నమ్మలేకపోయింది. "ఏమిటి నాన్నా మీరనేది? డబ్బు రాలేదు. రాదు కూడా. ఇది మిషన్ కాదు నాన్నా, మీ కన్ను."

"తెలుసు."

"పొద్దున మీరే కదా అన్నారు, పడ్డాకే గడప దాటాలని..."

"అది ముక్కూ మొహం తెలియని వాళ్ల సంగతి." మాస్టారు కుర్చీలోంచి లేచారు. గాలిలో తడుముతూ చాచిన చేయి, అతను నిలబడ్డ చోటికి ఒక బెత్తెడు ఇవతలే ఆగిపోయింది. "మాటకూ మాటకూ మధ్య ఖాళీ వచ్చిన ప్రతిచోటా మీటను రెండుసార్లు పొడిచే చెయ్యి నా క్లాసు మొత్తానికి ఒక్కటే. ఎంత తిట్టినా మానిపించలేకపోయాను. గుమ్మం వదులు తల్లీ, వెళ్లనీ. వీడు పరాయివాడు కాదు. మన పిచ్చుక."