సాలెపురుగులకు తెర

ఈ ఉదయం కెటిల్ వెనక అరచేతంత సాలెపురుగు కనిపించింది. దాని మీద గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క జొనిపి, పెరట్లో వదిలిపెట్టాను.

ఆస్ట్రేలియాలోని మా హోబార్ట్ ఊరి అల్లికలవాళ్ల సోషల్ మీడియా సర్వర్‌ని నేనూ, డెబ్బయ్యేళ్ల మోరీనూ చూసుకుంటాం. మా సర్వర్‌తో కలిపి ఉండి, తన పోస్టులన్నీ మాకూ చూపించే లాన్సెస్టన్ ఊరి సర్వర్ నుంచి డెస్ అనే ముసలాయన రోజూ సాలెపురుగుల ఫొటోలు పెడతాడు. ఆరు ఫిర్యాదులు వచ్చాయి.

“ఆ సర్వర్‌తోనే తెంచెయ్ పిల్లా, పీడా పోతుంది!” అంది మోరీన్.

“అక్కడున్న మూడొందల మందీ మనకి కనపడకుండా పోతారండీ. మీ చెల్లెలు కూడా.”

“అది పోతే ఇంకా హాయి!”

నిన్నటిదాకా మాకు వేరే దారి లేదు. ఇవాళే ఒక్కరి ఫొటోలను మాత్రమే కప్పే కొత్త సెట్టింగ్ వచ్చింది. డెస్ ఫొటోలకు మాత్రం తెర వేశాను. కావలసినవాళ్లు తీసి చూడొచ్చు.

“మంచి పని చేశావమ్మా, వాటికీ సిగ్గెక్కువే,” అని డెస్ రాశాడు.

సాయంత్రం నేనే తెర తీసి చూశాను.

ఆ ఆరు ఫిర్యాదుల్లో మొదటిది నాది.