కాలనీ పెట్టె

"పెట్టె ఇచ్చేకి కాదప్పా" అన్నాడు యేసుప్రసాద్.

భూపేష్ మోటారుసైకిల్ దిగలేదు. ఎస్సీ కాలనీ బోర్డు దగ్గర బండి ఆపి, లోపలికి కబురు పంపి, అక్కడే ఉన్నాడు. ఊళ్ళో పెద్దరైతుల ఇళ్ళవాళ్ళు ఎప్పుడొచ్చినా ఆ బోర్డు వరకే.

"మా నాయన తెల్లారుజామున పోయినాడు. చెల్లెలు శ్రావణి ఢిల్లీ నుంచి రేపటికి గానీ రాదు. ఈ ఎండకు శవం ఆగుతాదా? పత్తికొండలో అడిగినా, ఆదోనిలో అడిగినా. ఐసు పెట్టె యాడా లేదు. మీ ట్రస్టుదొకటే ఉండాది."

"అది కాదన్నా..." అంది జెస్సీ.

జెస్సీ, యేసుప్రసాద్ ట్రస్టు పెద్దలు. కాలనీ మంచిచెడ్డలకు కాలనీవాళ్ళే కూలిలో ఇంత తీసిపెట్టి నడుపుకునే ట్రస్టు అది.

"నాకు తెలుసులేమ్మా. శ్మశానం దావకు మా నాయన అడ్డంగా కంప కొట్టిచ్చినాడు. మీ పీనుగులను వంకలో దించి చుట్టు తిప్పుకొని పోతాండారు. కాదనను. పోయినోని మీద పంతమెందుకు?"

"మా పీనుగులు పండుకున్న పెట్టెలో మీ నాయన పంటాడా?" అన్నాడు యేసుప్రసాద్.

"ఎవురు పన్నా ఐసు ఐసే గదప్పా. అంత కోపముంటే పొద్దున్నుంచి పలకలెందుకు కొడతాండారు? ఇంట్లో అందరమూ వింటిమి. మాయమ్మ ఈ దిక్కుకు తిరిగి దండం పెట్టుకునింది."

కాలనీ లోపల్నుంచి పలక డప్పుల మోత వస్తూనే ఉంది. పెద్దరైతు పోతే కాలనీ పలకలు మోగడం ఆ ఊరి ఆనవాయితీ.

"ఆ పలకలు..." అని యేసుప్రసాద్ ఏదో అనబోయాడు.

"మీతో అయ్యేది కాదులే. మీ ప్రెసిడెంటు మహాదేవమ్మను పిలవండి. పెట్టె కోసరం ఎండనక ఊరూరు తిరిగి చందాలు ఎత్తింది ఆయమ్మే. ఆయమ్మయితే కాదనదు."

"ఆయమ్మ రాదు." యేసుప్రసాద్ పలకల మోత వచ్చే దిక్కుకు చూశాడు.

"ఎందుకు రాదు? కంప తీయమని మా గడప కాడికొచ్చి అడిగితే మా నాయన తిట్టినాడు. అదే గదా మనసులో పెట్టుకునింది?"

అప్పటికి కంబన్న వచ్చి నిలబడ్డాడు. మహాదేవమ్మ భర్త. భుజాన తడి తువ్వాల. అతన్ని చూసి భూపేష్ బండి దిగాడు.

"కంబన్నా, నువ్వన్నా చెప్పు ఆయమ్మకు. నాయన మొగం కడసారి చూడకుంటే మా శ్రావణి తట్టుకోలేదు."

కంబన్న అతని ముఖంలోకి చూశాడు. ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డాయి భూపేష్ కళ్ళు.

"ఇస్తాంలే అప్పా. కడచూపు కోసరమే గదా పెట్టె తెచ్చుకునింది. ముందు కంప తీపిచ్చు."

"దినాలు కానీ, నేనే దగ్గరుండి..."

"ఇప్పుడే."

భూపేష్ ఫోను తీశాడు. కాసేపటికి చేలో ట్రాక్టరు చప్పుడయింది. ఏళ్ళుగా ఎండిన తుమ్మకంప దుమ్ము లేపుకుంటూ గట్టు మీదికి పోయింది. దాని వెనక శ్మశానం దాకా దావ తెల్లగా బయటపడింది. జెస్సీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. దుమ్ము పడిందేమో అనుకున్నాడు భూపేష్.

"చూడు కంబన్నా, తీసేసినారు. ఇంక మహాదేవమ్మకు కోపముండదు గదా? పిలువు, నేనే అడుగుతా."

"వస్తాదిలే అప్పా. ఆ దావనే వస్తాది" అన్నాడు కంబన్న. "ఆమెను మట్టిలో పెడితేనే గదా నీకు పెట్టె ఖాళీ అయ్యేది."