పదకొండేళ్ల పిల్ల

సిరిసిల్ల నుంచి మొదటి బస్సుకే వచ్చిన తిరుమలను మధ్యాహ్నం మూడింటికి పిలిచారు.

కరీంనగర్‌లో బాలల కమిషన్ తొలి విచారణ అది. హైదరాబాద్ నుంచి వచ్చిన సభ్యురాలు వినోద బల్ల వెనక కూర్చుని ఉంది. తిరుమల పాలిథిన్ కవర్లోంచి అర్జీ తీసి ఇచ్చింది. కాగితం పైఅంచు తేదీతో సహా చిరిగిపోయింది. మడతల దగ్గర చిరుగులు పడ్డాయి.

వినోద చదవసాగింది. తల్లీతండ్రీ లేని పదకొండేళ్ల పిల్ల. ఐదో తరగతిలో ఫస్టు. మేనమామ బడి మాన్పించి మరమగ్గాల షెడ్డులో కండెలకు నూలు చుట్టే పనికి పెట్టాడు. పొద్దున ఆరింటికి ఎక్కితే దిగేసరికి చీకటి. ఒకరోజు పారిపోయి బడికొచ్చి బెంచీ కింద దాక్కుంటే, జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్లాడు. దయచేసి ఈ పిల్లను బడికి పంపించండి. కింద, పంతులు కైలాసం సంతకం.

వినోద అర్జీ బల్ల మీద పెట్టింది.

"ఇంతకుముందు ఎవరికీ ఇవ్వలేదా?"

"అందరికిచ్చిన మేడం. పోలీసోల్లు ఇంట్ల లొల్లి అన్నరు. లేబర్ ఆఫీసుల మాది కాదన్నరు. బడి ఆఫీసరేమో షెడ్డు సంగతి నాకేం తెల్సు అన్నడు. పిల్లల కోసం వేరే ఆఫీసు పడుతదట, గప్పుడు గక్కడికి పొమ్మన్నరు."

"ఇంకా ఆ షెడ్డులోనేనా?"

"గక్కడ్నే."

"మళ్లీ బడికి?"

"పోనియ్యలే మేడం."

వినోద కళ్లు తుడుచుకుంది. "కన్నతల్లి లేని పిల్ల కోసం ఇన్ని మెట్లెక్కావు. ఇక నీకు ఫికర్ వద్దమ్మా. ఈ కమిషన్ ఎవరి కిందా పనిచేయదు. మంత్రి ఫోన్ చేసినా ఆగదు."

తిరుమల తల దించుకుంది.

వినోద అప్పటికప్పుడే గురుకులానికి ఫోన్ చేసింది. ఐదో తరగతిలో ఒక సీటు ఉంచమంది. మంచం, దుప్పటి, రెండు జతల యూనిఫాం సిద్ధం చేయమంది. డ్రైవర్‌ను బండి తీయమని చెప్పి తనే లేచి నిలబడింది.

"పద, తీసుకొద్దాం. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుంది?"

తిరుమల అర్జీలో 'పదకొండేళ్ల' అన్న మాట మీద వేలు పెట్టింది.

"గా పిల్ల నేనే మేడం, కైలాసం సారు గిది రాసినప్పుడు నాకు పదకొండేండ్లు, గిప్పుడు ముప్పై నాలుగు."