ఖాళీ అయిన నంబరు

"ఆ ఒక్క ముక్క తీసెయ్ రజినీ. సాయంత్రంలోగా తీస్తే నీ కోడ్ ఈ విడతలో వెళ్తుంది. లేదంటే పని ఇంకొకరికి ఇచ్చేస్తాను," అన్నాడు నాగేంద్రబాబు ఫోన్లో.

ఆయన హైదరాబాద్ ఆఫీసులో టీం లీడరు. రజిని ఉదయగిరిలో, అమ్మ ఇంట్లో, మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఆ కెర్నెల్ కోడ్ ఎనిమిది నెలల కష్టం.

కెర్నెల్ అంటే కంప్యూటర్‌కి పెత్తందారు. మొదలైన ప్రతి ప్రోగ్రాముకూ ఒక నంబరు తగిలిస్తుంది. వరసగా ఇస్తూ పోతే తర్వాతి నంబరేదో దొంగలు ఇట్టే పసిగడతారు. అందుకే చీటీ తీసినట్టు తీయాలి. తీసిన ప్రతి చీటీ వాడుకలో ఉందంటూ మళ్ళీ మళ్ళీ తీస్తే పుణ్యకాలం గడిచిపోతుంది. రజిని ఖాళీ నంబర్లన్నీ ఒక చోట చేర్చి, ఒక్క తీతలో తేలేలా రాసింది. దానికి అందరూ భేష్ అన్నారు.

పేచీ అంతా రెండో ముక్కతోనే. ప్రోగ్రాము ముగిసిపోతే దాని నంబరును వెంటనే ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది.

ఆత్మకూరు బస్సు దిగి, సంచీతో లోపలికి వచ్చింది అమ్మ రాఘవమ్మ.

"ఆకుపచ్చంటే నీకు పేణమని ఈ చీర తెచ్చినాను. అరిసెలు కూడా చేస్తా."

"సరేమ్మా," అంది రజిని. ఏటా ఇదే రోజు ఆకుపచ్చే. అరిసెలు ఆమె నోటికి ఎప్పుడూ సయించలేదు. ఆ సంగతి చెప్పడం చిన్నప్పుడే మానేసింది.

"ఎర్రమేక పిల్లకి అరిసె పెట్టి, నాతో దెబ్బలు తిన్నావే, గుర్తుండాదా?"

"లేదమ్మా."

"పెరట్లో బావి కాడికి మాత్రం పోబాక."

ఆ బావిని పూడ్చి ఇరవై ఏళ్ళు దాటింది. రజిని తలూపింది.

మళ్ళీ ఫోన్ చేసిన నాగేంద్రబాబు విసుక్కున్నాడు. "పోయినదాని నంబరు కొత్తదానికిస్తే నీకేం నొప్పి?"

"పాతదాన్ని ఆ నంబరుతోనే గుర్తుపెట్టుకున్నవి ఇంకా ఉంటాయి సార్. అది పోయిందని వాటికి తెలీదు. దానికి చెప్పాల్సినవన్నీ కొత్తదానికి చెప్తాయి. ఆగిపో అంటే, ఏ పాపం ఎరగని కొత్తది ఆగిపోతుంది."

"ఎక్కడో లక్షకొకసారి జరిగేదానికి ఇంత రాద్ధాంతమా? ఎంతసేపని పక్కన పెడతావు?"

"పిలిచేవాళ్ళు పిలవడం మానేసేదాకా."

"మానకపోతే?"

రజిని లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. తెర మీద ఆ రెండో ముక్క తాలూకు నాలుగు వరసలు చూస్తూ కూర్చుంది. ఒక్క మీట నొక్కితే పోతాయి. నొక్కడానికి చెయ్యి రాలేదు.

"తీయను సార్," అంది చివరికి.

"నీ ఇష్టం. కోటేశ్వర్‌కి ఇచ్చేస్తున్నాను," అని ఫోన్ పెట్టేశాడు.

ఎనిమిది నెలలు గాలికి పోయాయి. ఏడుపు రావాలి, కనీసం కోపమైనా రావాలి. ఏదీ రాలేదు. ఏమీ అనిపించకపోవడం ఆమెకు కొత్త కాదు.

"రజినీ, పొద్దు గుంకబోతా ఉండాది. వచ్చి చీర కట్టుకోమ్మా," నడింట్లోంచి రాఘవమ్మ పిలిచింది. గొంతులో ఎంత ప్రేమో.

లాప్‌టాప్ మూసి రజిని నడింట్లోకి వెళ్ళింది. దీపం వెలుగుతోంది. అరిసెల పళ్ళెం పక్కన కొత్త చీర మడత విప్పకుండా ఉంది. వంగి చీర అందుకుంది.

దీపం వెనక గోడకి, దండ వేసిన పటంలో, ఎర్రమేక పిల్లను చంకనెత్తుకుని ఏడేళ్ళ పిల్ల నవ్వుతోంది. పటం కింద, తను పుట్టడానికి ఏడాది ముందటి మరణ తేదీ పక్కన, 'రజిని' అని రాసి ఉంది.