పగడాల కోట ఆఖరి భాగం

ఐలేశం లోపలి నుంచి గడియ పెట్టాడు. అది చాలదనిపించి ఇనుప బల్లను ఈడ్చి తలుపుకు అడ్డం పెట్టాడు. అప్పటికే గేటు దగ్గర గోల మొదలైంది.

"కరెంటియ్యరా!"

ఆత్మకూర్ పొలిమేరలో ఉన్న ఆ చిన్న సబ్‌స్టేషన్‌లో ఆదివారం డ్యూటీ అతనొక్కడిదే. ఊరి లైను స్విచ్చి దించింది అతనే. సరిగ్గా 'పగడాల కోట' ఆఖరి భాగం సగంలో ఉండగా దించాడు.

ఏడాదిగా ఆదివారం పొద్దున ఆ సీరియల్ వస్తుంటే బజారులో మనిషి కనిపించడు. ఏదో నవలను టీవీకి తీశారు. మాంత్రికుడి చెరలో చిక్కిన రాకుమారి మందాకిని కోసం ఊళ్లో ఆడవాళ్లు ఒక్కపొద్దులు కూడా ఉన్నారు. ఆమె బతుకుతుందో లేదో ఇవాళ తేలిపోవాలి. కోట తలుపు తెరుచుకుంటుండగా తెర నల్లబడింది.

రాయి ఒకటి కిటికీ అద్దాన్ని పగలగొట్టుకొని వచ్చి ఐలేశం కాళ్ల దగ్గర పడింది.

"నీకంటే ఆ మాంత్రికుడే నయం గదరా! బయటికి రా, నీ సంగతి చెప్త!"

సైకిల్ షాపు చోటే మియా గొంతు అది. వాడకట్టుకంతటికీ టీవీ ఉన్నది వాళ్లింట్లోనే.

ఐలేశానికి రాళ్లంటే భయమే. కానీ అంతకంటే పెద్ద భయం ఆ స్విచ్చి దగ్గరుంది. ఎవరైనా లోపలికొచ్చి దాన్ని ఎత్తితే? ఆ ఆలోచనకే కళ్ల ముందు పాడె కనిపించింది. వెళ్లి స్విచ్చికి వీపు ఆనించి నిలబడ్డాడు.

గేటు విరిగిన చప్పుడు. తలుపు మీద తన్నులు. బల్ల కిర్రుమంటూ జరిగింది. ఇంతలో చోటే మియా కిటికీలోంచి లోపలికి దూకాడు. గాజు గీసుకుని ముంజేతి నుంచి రక్తం కారుతోంది. ఐలేశాన్ని పక్కకు నెట్టి స్విచ్చి మీదికి చెయ్యి చాచాడు.

ఐలేశం ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని వేలాడాడు.

"వద్దు చిచ్చా! నీ కాళ్లు మొక్కుత. ఇప్పుడు కరెంటిస్తే ఒక పాణం పోతది!"

చోటే మియా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

మొన్న వానకాలంలో లైన్‌మన్ మల్లన్న స్తంభం మీద ఉండగా ఎవరో చూసుకోకుండా కరెంటు ఇచ్చారు. కింద నిలబడ్డవాళ్లకు ఆ కాలిన వాసన ఇంకా ముక్కు వదల్లేదు.

"ఆగుర్రి!" చోటే మియా కిటికీలోంచి అరిచాడు. "రాళ్లేయకుర్రి! పైన మనిషున్నడు!"

ఐలేశం మళ్లీ స్విచ్చికి వీపు ఆనించి నిలబడ్డాడు.

బయట ఒక్కసారిగా సద్దుమణిగింది. తన్నే కాళ్లు వెనక్కి తగ్గాయి. నర్సింగమ్మ జనాన్ని తోసుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది. ఆమె కొడుకు రఘుపతి లైన్‌మన్ల దగ్గర పనికి పోతుంటాడు.

"ఐలేశం... మా రఘుపతా?" కొంగు నోట్లో కుక్కుకుంది.

"గాదత్తా. నీ కొడుకు గాదు."

"మరెవలు బిడ్డా?"

అతను తల దించుకున్నాడు.

జనం మెడలెత్తి తీగల వంక చూస్తూ నిలబడ్డారు. రాయి పట్టుకున్న ఒకతను దాన్ని మెల్లగా కింద పెట్టాడు. మందాకిని ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. గదిలో చోటే మియా పెదవులు కదుపుతూ దువా చదువుకుంటున్నాడు. ఐలేశం చూపు గోడ గడియారం మీదే ఉంది.

సీరియల్ అయిపోయే వేళ దాటింది. అయినా నమ్మకం కుదరక ఇంకాసేపు ఆగాడు. ఆ తర్వాత స్విచ్చి ఎత్తాడు.

"దిగిండా?" చోటే మియా గుసగుసగా అడిగాడు.

ఐలేశం తల ఊపాడు.

"ఎవల కన్న కొడుకో, బతికించినవ్" అంటూ నర్సింగమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి అతని తల నిమిరింది. జనం చప్పుడు చెయ్యకుండా ఇళ్లకు మళ్లారు. చోటే మియా మాత్రం ముంజేతికి తువ్వాల చుట్టుకుంటూ ఆగాడు.

"మాఫ్ చెయ్యి ఐలేశం. కోపంల ఏదో అన్న. మీ అమ్మ గూడ మా ఇంట్లనే కూసున్నది. అసలే గుండెజబ్బు మనిషి, టీవీ బందయినకాడికెల్లి గుండె పట్టుకొని 'నా బిడ్డేమాయె' అని ఏడుస్తాంది. నీ చెల్లె పోయినంక ఆ రాకుమారినే బిడ్డ అనుకుంటాంది గద. పోయి ఏం చెప్పాలె?"

"బతికిందని చెప్పు చిచ్చా. కోటలకెల్లి బయటపడ్డదని చెప్పు."

"నీకెట్ల ఎర్క?"

"నవల చదివిన."

చోటే మియా ముఖం విప్పారింది. విరిగిన గేటు దాటకముందే "బతికింది! మందాకిని బతికింది!" అని కేకలేస్తూ పరుగందుకున్నాడు.

ఐలేశం ఉన్నచోటే కూలబడ్డాడు. ఆ పొద్దున ఊళ్లో ఏ స్తంభం మీదా మనిషి లేడు, నవల చివరి పేజీలో మందాకిని బతకలేదు.